సత్యం చెప్పిన సోమవారం

నేను మొదట ఉద్యోగంలో చేరిన బడి, మందమర్రి దాటి కొంతదూరం పోతే వచ్చే ఒక గని కాలనీలో ఉండేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి కొన్నేళ్లే అయింది. మాది హుజూరాబాద్. ట్రైనింగ్ ముగిసిన వెంటనే ఆర్డరు వచ్చింది. మా బాపు జమ్మికుంటలో రైలెక్కిస్తూ, గనుల దగ్గర మనుషులు మొరటుగా ఉంటారనీ, ఎవరి జోలికీ పోవద్దనీ పదేపదే చెప్పాడు.

ఆయన చెప్పింది వారం తిరక్కుండానే కళ్లబడింది. కాలనీ నల్లా దగ్గర ఇద్దరు మగవాళ్లు కొట్టుకున్నారు. ఒకడు ఇంకొకడి చెవి కొరికి, ఊడివచ్చిన ముక్కను మట్టిలో ఉమ్మేశాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు బిందెలు కాస్త పక్కకు జరుపుకుని నీళ్లు పట్టుకుంటూనే ఉన్నారు. నేను మాత్రం ఖాళీ బిందెతో గదికి వచ్చేశాను.

నాది కార్మికుల లైనులో చివరి గది. పక్క గదిలో ఒక కుటుంబం ఉండేది. భర్త గని లోపల, పట్టాల మీద నడిచే ఇనుప తొట్లలో బొగ్గు నింపేవాడు. భార్య పైన, బొగ్గులోంచి రాళ్లు ఏరే పనికి పోయేది. వాళ్లకు ఒక్కతే బిడ్డ, మా బడిలోనే ఏడో తరగతి. అతను మొదటి షిఫ్టు దిగి, సారా తాగి ఇంటికి వచ్చాక, ఎండ ఇంకా తగ్గకముందే దెబ్బల చప్పుడు మొదలయ్యేది. గోడ పలచన. ఏది చేతి దెబ్బో, ఏది కట్టె దెబ్బో కొన్నాళ్లకు నాకు తెలిసిపోయేది. ఆ తల్లి ఏడ్చేది కాదు. దెబ్బ పడ్డప్పుడల్లా ఊపిరి బయటికి పోయే చప్పుడు మాత్రం వినిపించేది.

ఒకరోజు ఉండబట్టలేక తలుపు కొట్టాను. చప్పుడు ఆగింది. తలుపు తీసింది ఆమే. కొంగుతో ఒక చెవి అదిమి పట్టుకుని, గొంతు తగ్గించి, "ఏం లేదు పంతులమ్మా, నువ్వు పో. నువ్వు ఈడ నిలవడితే ఇంకింత కొడ్తడు" అంది. ఆమె వెనక, గోడకు ఆనుకుని, ఆ పిల్ల నన్నే చూస్తూ ఉంది.

మా హెడ్మాస్టరు కోస్తా జిల్లా మనిషి. ఆ బొగ్గు దుమ్ములో కూడా తెల్ల పంచె, తెల్ల చొక్కా మాయనిచ్చేవాడు కాదు. చెడ్డవాడని నేను అనను. జ్వరమొచ్చిన పిల్లల ఇళ్లకు నడిచి వెళ్లి చూసి వచ్చేవాడు. తాగుబోతుల పిల్లలు తాగుబోతులు కాకుండా ఆపగలనని మనస్ఫూర్తిగా నమ్మాడు. అందుకు ఆయన పట్టుకున్న దారి సోమవారం అసెంబ్లీ.

ప్రార్థన అయ్యాక ఆయన ఆ వారానికి ఒక మంచి గుణాన్ని ఎంచుకుని మాట్లాడేవాడు. ఒక వారం శుభ్రత, ఒక వారం ఓర్పు, ఒక వారం ధైర్యం. చాలా బాగా మాట్లాడేవాడు. తర్వాత పిల్లలు ఒక్కొక్కరుగా అరుగు మీదికి వచ్చి, తాము చేసిన మంచి పని ఒకటి, తప్పు పని ఒకటి చెప్పాలి. మంచికి అందరూ చప్పట్లు కొట్టాలి. తప్పుకు అరచేతుల మీద చింత బరిగె పడేది. దెబ్బ తిన్నవాళ్లు దండం పెట్టి దిగాలి. అంతసేపూ వరుసల్లో ఎవరూ కదలకూడదు. తల తిప్పినా వాళ్లకూ అదే శిక్ష. "వచ్చిండు" అన్నవాడికి "వచ్చాడు" అనేదాకా వదిలేవాడు కాదు. మాట తీరు కూడా ఆయన దృష్టిలో నడతలో భాగమే. చిన్న తరగతుల పిల్లలు సోమవారం పొద్దున వరుసలోనే లాగులు తడుపుకునేవాళ్లు. ఒక పిల్లవాడి వేలి కణుపు చిట్లి వంకరగా అతుక్కుంది.

ఇళ్లలో తింటున్న దెబ్బలు చాలవా సార్ అని ఒకసారి అడిగాను. ఆయన నొచ్చుకోలేదు. ఇంట్లో కోపంతో కొడతారనీ, తాను ప్రేమతో కొడుతున్నాననీ, ఆ తేడా పిల్లలకు తెలుస్తుందనీ అన్నాడు.

ఎండాకాలం మొదలవుతుండగా ఒక సోమవారం ఆయన సత్యం గురించి మాట్లాడాడు. నిజం చెప్పడానికి భయపడేవాడు సగం మనిషేనన్నాడు. కళ్లెదుట తప్పు జరుగుతుంటే చూసి నోరు మూసుకోవడం కూడా అబద్ధమేనన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎందుకంటే అప్పుడే ఏడో తరగతి వరుసలోంచి మా పక్కింటి పిల్ల బయటికి వచ్చింది. ఎవరూ పిలవకుండా తనంతట తాను అరుగెక్కింది.

"సార్, మా బాపు మా అవ్వను కొడుతుండు" అంది.

ఆయన అలవాటుకొద్దీ, "కొడుతున్నాడు అనాలి" అన్నాడు.

"కొడుతున్నాడు" అని దిద్దుకుని, ఆ పిల్ల తల్లి సంగతి ఆగకుండా చెప్పింది. "మొన్న పార కట్టెతోని కొడితే అవ్వ చెవి నుంచి రక్తం కారింది. గిప్పుడు అవ్వకు ఆ చెవు వినవడుత లేదు. ఎవలకన్న చెప్తే నన్ను గూడ చంపుతా అన్నడు. మీరు నిజం చెప్పుమన్నరు గదా సార్, అందుకే చెప్తున్న."

 వరుసల్లో ఉన్న పిల్లలందరికీ తెలిసిన సంగతే అది. చాలామంది ఇళ్లలో జరిగేదీ అదే. కాలనీ అంతటికీ తెలిసిన మాటను పైకి అనడం మాత్రం అందరూ మొదటిసారి విన్నారు. హెడ్మాస్టరు ముఖం ఎర్రబడింది. ఏం చేయాలో ఆయనకు తోచలేదని నాకు కనిపిస్తూనే ఉంది. తోచనప్పుడు ఏం చేయాలో ఆయన చేతికి తెలుసు. చెయ్యి చాపమన్నాడు. కన్నతండ్రిని నలుగురిలో నిలబెట్టడం సత్యం కాదు, అది అవిధేయత అన్నాడు. బరిగె లేచింది. ఆ పిల్ల చెయ్యి వెనక్కి తీసుకోలేదు, కళ్లు కూడా మూసుకోలేదు. ఆమె వెనక్కి తీసుకోనందుకే ఆయన ఇంకా గట్టిగా కొట్టాడనిపించింది. అరచేయి తెగి, బరిగె మీద రక్తం కనిపించాక ఆపాడు.

నేను ఆ పిల్లను తరగతి గదిలోకి తీసుకుపోయి తడిగుడ్డ చుట్టాను. తాను చెప్పింది అబద్ధం కాదు కదా అని అడిగింది. కాదన్నాను. మరి ఎందుకు కొట్టాడని అడిగింది. ఆ ప్రశ్నే హెడ్మాస్టరు గదిలోకి వెళ్లి అడిగాను. ఆయన పుస్తకాలు సర్దుతూ, "ఆ పిల్ల చేసిన తప్పు చెప్పమన్నానమ్మా, వాళ్ల నాన్న తప్పు చెప్పమనలేదు" అన్నాడు. ఆయన చేతులు వణుకుతున్నాయి.

మాట సాయంత్రానికల్లా గనికి చేరింది. మర్నాడు షిఫ్టులో తొట్ల దగ్గర తోటివాళ్లు ఆ తండ్రిని ఎగతాళి చేశారట. ఆ పొద్దునే మేము ప్రార్థనకు నిలబడ్డప్పుడు అతను వచ్చాడు. షిఫ్టు మధ్యలోనే పైకి వచ్చినట్టున్నాడు, ఒళ్లంతా బొగ్గు. తాగి లేడు. నాకు భయమేసింది అందుకే. కూతురిని జడ పట్టుకుని ఈడ్చుకొచ్చి అరుగు మీదికి విసిరాడు.

"నిన్న అబద్ధం చెప్పిన అని అందరి ముంగట చెప్పు" అన్నాడు.

ఆ పిల్ల లేచి నిలబడింది. ఏమీ అనలేదు. అతను చెంప మీద కొట్టాడు. మళ్లీ అదే మాట అన్నాడు. పెదవి చిట్లింది. అయినా అనలేదు. హెడ్మాస్టరు ముందుకొచ్చి, ఇది బడి అనీ, ఇక్కడ ఇలాంటివి కుదరవనీ ఏదో చెప్పబోయాడు. అతను ఆయన చేతిలోని బరిగె లాక్కున్నాడు. దాన్ని ఒకసారి చూసి, "నీదే గద సారూ గీ కట్టె. నువ్వు కొడితే నీతి, నేను కొడితే తప్పా?" అన్నాడు. ఆ బరిగెతోనే కూతుర్ని కొట్టడం మొదలుపెట్టాడు. వీపు, మెడ, ముఖం, ఎక్కడ పడితే అక్కడ.

నేను మధ్యలోకి దూరాను. అతని మోచేయి నా నోటికి తగిలింది. ముందు పన్ను విరిగి నాలుక మీద పడటం తెలిసింది. కింద పడి తల తిప్పి చూస్తే, పిల్లలందరూ వరుసల్లో అలాగే నిలబడి ఉన్నారు. చేతులు ఒంటికి ఆనించి, చూపు ముందుకు పెట్టి. అసెంబ్లీలో కదలకూడదని నేర్పాం కదా, ఒక్కరూ కదలలేదు. కొందరి కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఎత్తలేదు. ఆ రోజు విరిగిన పన్ను కంటే ఆ వరుసలే నన్ను ఎక్కువ బాధపెట్టాయి.

ఎవరు చెప్పారో, తల్లి పరుగున వచ్చింది. మా బడి గంట అంటే, దూలానికి వేలాడదీసిన రైలు పట్టా ముక్క. దాన్ని కొట్టే ఇనుప కడ్డీ పక్కనే ఉండేది. ఆమె ఆ కడ్డీ తీసుకుని వెనక నుంచి అతని భుజం మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. అతను మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఆమె కడ్డీని రెండు చేతులతో మళ్లీ ఎత్తింది. ఈసారి తల మీదికి.

అప్పుడు హెడ్మాస్టరు ఆ మనిషి మీద పడిపోయాడు. కావాలనే పడ్డాడు, నేను చూశాను. తలకు అడ్డంగా తన చెయ్యి పెట్టాడు. కడ్డీ ఆ చేతి మీద పడింది, మణికట్టు పైన ఎముక విరిగింది. ఆయన నొప్పితో ముడుచుకుపోతూనే ఆమెకేసి చూసి, "వద్దమ్మా, వీడి కోసం నువ్వు జైలుకు పోవద్దు" అన్నాడు. ఆమె చేతిలోంచి కడ్డీ జారింది.

మధ్యాహ్నం పోలీసు జమాదారు వచ్చాడు. హెడ్మాస్టరు విరిగిన చేతికి బద్దలు కట్టించుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆ తండ్రి అరుగు మీద కాలుజారి పడ్డాడనీ, పట్టుకోబోయి తానూ పడ్డాననీ, పంతులమ్మ కూడా తమ మీదే పడిందనీ చెప్పాడు. జమాదారు నా వాచిన మూతి చూశాడు, నేల మీది రక్తం చూశాడు. ఇంతెత్తు అరుగు మీద నుంచి పడితే ఇన్ని ఎముకలు విరుగుతాయా అని అడిగాడు. విరిగాయి కదా అన్నాడు హెడ్మాస్టరు. నన్ను అడిగితే నేనూ అదే చెప్పాను. పిల్లల్ని అడిగితే వాళ్లూ అదే చెప్పారు. గని కంపెనీ దవాఖానలో పడి ఉన్న ఆ తండ్రి కూడా, పెళ్లాం చేతిలో దెబ్బ తిన్నానని ఎలా చెప్పుకుంటాడు, అదే చెప్పాడు.

తర్వాతి సోమవారం హెడ్మాస్టరు కట్టు చేతితో అరుగెక్కాడు. బరిగె లేదు. ఆ వారానికి ఏ గుణాన్నీ ఎంచుకోలేదు. ప్రార్థన కాగానే తరగతులకు వెళ్లమన్నాడు. దెబ్బలు లేకుండా వెళ్లిపోవచ్చని పిల్లలకు నమ్మకం కలగలేదు. నేనే ఒక్కొక్క వరుసను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోవాల్సి వచ్చింది. ఆ ఏడు చివర ఆయన బదిలీ అడిగి వెళ్లిపోయాడు. వెళ్లేముందు ఆ పిల్ల కనిపిస్తే ఏదో చెప్పాలనుకున్నాడట. ఆమె అప్పటికి పెద్దపల్లిలో తల్లి అక్క ఇంట్లో ఉండి అక్కడి బడికి పోతోంది.

పెద్దమనుషులు కూర్చుని ఆ మొగుడూ పెళ్లాలను విడదీశారు. అతని చెయ్యి ఇక భుజం పైకి లేవలేదు. బొగ్గు నింపే పని పోయి, గనిలోకి దిగేవాళ్లకు పైన దీపాలు అందించే పనిలో పెట్టారు. ఆమె వేరే గది దొరికేదాకా నా దగ్గరే ఉంది. ఆ చెవి ఆమెకు మళ్లీ వినపడలేదు. మాట్లాడేటప్పుడు రెండో చెవి నావైపు తిప్పేది.

ఒకరోజు పొద్దున పనికి పోబోతూ గడపలో ఆగింది. "పంతులమ్మా, ఆయనను ఒక్కపారే కొట్టిన. గా దినం నుంచి అన్నం తినబోతే చేతులు వణుకుతున్నయి. గిన్నేండ్లు నన్ను కొట్టిండు గద, ఆయనకు ఒక్కనాడు గూడ వణకకపోయెనా?" అని అడిగింది.

నేను గంప ఎత్తి అందించాను. ఆమె దాన్ని నెత్తిన పెట్టుకుని షిఫ్టుకు వెళ్లింది.