ఒకే పెట్టెలోని ఎనిమిది డిస్కులు

విశాఖపట్నంలో ఇంట్లో సర్వరు కట్టుకున్న మొదటి మనిషిని నేనే. ఎనిమిది హార్డ్ డిస్కులు, ఆరు ఫ్యాన్లు, నడుమెత్తు ఇనప క్యాబినెట్టు. సీతమ్మధారలో మా వీధి మలుపు తిరగ్గానే దాని హోరు వినపడేది. హార్బరులోకి ఓడల్ని నడిపించుకొచ్చే పైలట్లు సైతం డ్యూటీ దిగి వచ్చి, గుమ్మం బయట చెప్పులు విడిచి, దాన్ని చూసి వెళ్ళేవారు.

ఇక్కడ కాస్త ఆగాలి. చెప్పులు విడిచి వచ్చి చూసినవాడు ఒక్కడే. గ్యాస్ సిలిండరు తెచ్చిన మనిషి. "ఏటండిది, కొత్తరకం ఫ్రిజ్జా?" అని అడిగి, సంతకం పెట్టించుకుని పోయాడు. హోరు వినపడేది వంటింటి దాకానే. మొదటి మనిషి ఎవరన్నది మాత్రం ఎవరూ తేల్చలేదు కనక ఆ మాటను అలాగే ఉంచుతున్నాను.

ఆ పెట్టె మా ఇంటికి రావడానికి కారణం మా బావ. నా భార్యకు అన్నగారు. మేమిద్దరం ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. మాది గోదావరి వైపు, ఉక్కు కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి ఈ ఊరివాణ్ణయ్యాను. వాళ్ళది పాత ఊరే. పూర్ణా మార్కెట్ వెనక సందులో బావకు వీడియో స్టూడియో ఉండేది. తొంభైల్లో ఆ చుట్టుపక్కల పందిట్లో తాళి కట్టినా, చర్చిలో ఉంగరాలు మార్చుకున్నా, పక్కన ఆయన భుజం మీద కెమెరా ఉండాల్సిందే.

మా అత్తగారు పోయిన ఏడాదికి, సంవత్సరీకం నాడు, విస్తళ్ళ ముందు కూర్చున్నప్పుడు బావ జేబులోంచి ఒక చిన్న క్యాసెట్టు తీసి నా చేతిలో పెట్టాడు. కిటికీ వెలుగుకు తిప్పి చూశాను. చుట్టుకున్న టేపు అంచు మీద తెల్లగా, పిండి చల్లినట్టు బూజు. సముద్రం గాలి. ఈ ఊళ్ళో కిటికీ ఊచలనూ సైకిలు చైన్లనూ తిన్నట్టే అది టేపుల్నీ తింటుంది.

"ఊరందరి అమ్మల్నీ తీసినాను బావా," అన్నాడు. "మా అమ్మ కెమెరా సూత్తే సాలు, కొంగు అడ్డం ఎట్టుకునీది. ఆవిడ మాటాడింది ఇందులో ఒక్క నిమిషం. ఇది పోతే అమ్మ గొంతు ఇంకెక్కడా లేదు."

ఆయన ఓదార్పు కోసం అన్నాడు. నేను ఓదార్చి ఊరుకోవచ్చు. కానీ విస్తట్లో పులిహోర, ఎదురుగా పదిమంది చుట్టాలు. నోరు ఊరుకోలేదు.

"బూజుకి భయపడే రోజులు పోయాయి బావా. నీ టేపులన్నీ డిస్కుల్లోకి ఎక్కించేయొచ్చు. ఒక డిస్కు చచ్చినా మిగతావి కలిసి దాని సరుకు మళ్ళీ పుట్టించేలా ఇంట్లోనే సర్వరు కట్టుకోవచ్చు. ప్లాంటులో కంప్యూటర్లన్నీ ఇరవై ఏళ్ళు నా చేతి కిందే నడిచాయి కదా!"

నా చేతి కింద నడిచినవి కంప్యూటర్లు కావు. ఆ కంప్యూటర్లున్న గదికి చల్లగాలి పంపే బ్లోయర్లు. వాటి బేరింగులు అరిగితే మార్చేవాణ్ణి. సర్వరు గురించిన ఆ ముక్క కూడా మా యువ ఇంజనీరు ఒకాయన టీ తాగుతూ ఎవరికో చెబుతుంటే విన్నది.

బావ చెయ్యి కడుక్కోకుండానే లేచి నా భుజం పట్టుకున్నాడు. "అయితే నువ్వే కట్టు బావా. నాకింకెవరున్నారు?"

ఆ ఎంగిలి చెయ్యి ఆ తర్వాత రెండేళ్ళ పాటు నా భుజం మీంచి దిగలేదు.

తప్పించుకోవాలని చూడలేదా అంటే చూశాను. ఆ సామాన్లు ఈ ఊళ్ళో దొరకవన్నాను. మద్రాసులో తనకు తెలిసిన కెమెరాల డీలరు ఉన్నాడన్నాడు. మీ స్టూడియోలో కరెంటు బాగాలేదు, పెడితే కాలిపోతుందన్నాను. "మీ ఇంట్లో ఎట్టీ. ఎర్తింగు నీ సేత్తో నువ్వే ఏసుకున్నావు గదా," అన్నాడు. వేసింది ఎలక్ట్రీషియను. నేను వేశానని ఏ భోజనాల దగ్గర చెప్పానో గుర్తులేదు. నా పాత గొప్పలన్నీ ఒక్కొక్కటే వచ్చి తలుపు అవతలి వైపు గడియ పెట్టి పోతున్నట్టుండేది.

ఇంటర్నెట్ సెంటరుకు పోయి కాగితాలు ప్రింటు తీయించుకుని చదవడం మొదలుపెట్టాను. మూడోవంతు అర్థమయ్యేది. ఎంపిక అంటే బజార్లో వంకాయలు ఏరుకోవడం లాంటిదనుకున్నాను గానీ, అక్కడ ఒకటి ఏరుకుంటే అది మరో మూడింటిని వెంటేసుకొచ్చేది. ఎనిమిది డిస్కులన్నాం కనక వాటిని కలిపి నడిపే కార్డు ఒకటి కావాలి. ఆ కార్డు మామూలు మదర్‌బోర్డులో పట్టదు. పట్టే బోర్డు కొంటే, తప్పుల్ని తనే దిద్దుకునే ఖరీదైన మెమరీ తప్ప అది ఇంకోటి తీసుకోదు. ఇవన్నీ పట్టాలంటే పెద్ద క్యాబినెట్టు. దాని వేడికి ఫ్యాన్లు. అన్నిటికీ కలిపి కారు బ్యాటరీలంత బ్యాటరీలున్న యూపీఎస్సు. యూపీఎస్సు పెట్టడానికి పడగ్గదిలో నా భార్య బీరువా జరగాలి.

"బీరువా ఎక్కడికి జరపమంటారు? నా నెత్తిమీదకా?" అంది ఆవిడ. చివరికి బీరువా వరండాలోకి వెళ్ళింది. నా కుర్చీ ఎక్కడికి వెళ్ళిందో ఇప్పటికీ తెలీదు.

ఒక్క వస్తువు మాత్రం నిజంగా తెలిసి ఎంచాను. పవర్ సప్లై. ఈ ఊళ్ళో దొరకవన్నవన్నీ ద్వారకానగర్ కొట్లోనే దొరికాయి. అక్కడ నాలుగు రకాలు పెట్టారు, నాలుగింటి మీదా పెద్దపెద్ద అంకెలు. స్టిక్కరు ఏదైనా అంటిస్తారు. నేను ఒక్కోటీ అరచేతిలో పెట్టుకుని బరువు చూశాను. లోపల రాగి ఉన్నది బరువుంటుంది, లేనిది మిఠాయి పెట్టెలా తేలిపోతుంది. పైగా మోటారు నడుస్తున్నప్పటికంటే మొదలయ్యేటప్పుడే ఎక్కువ కరెంటు లాగుతుంది. డిస్కుల్లోని ఎనిమిది మోటార్లూ ఒకేసారి మొదలైతే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకదాని తర్వాత ఒకటి మొదలయ్యేలా పెట్టించాను. కొట్టాయన, చాలా ఏళ్ళుగా అదే వ్యాపారంలో ఉన్నవాడు, మెచ్చుకోలుగా తలూపాడు.

ఆ తలూపుడు నా కొంప ముంచింది.

డిస్కుల దగ్గరికి వచ్చాం. నేనూ బావా బల్లకి ఇటువైపు, కొట్టాయన అటువైపు. సీలు తీయని అట్టపెట్టె ఒకటి తెచ్చి విప్పాడు. అన్నీ ఒకే రోజు తయారైనవి, వరస నంబర్లు.

"సార్, ఒక మాట సెప్పమంటారా? ఒకే పెట్టెలోవి ఎనిమిదీ తీసుకోకండి. ఒక్క రోజు పుట్టినవి ఒక్కలాగే పోతాయి. నాలుగు ఇప్పుడు తీసుకోండి, మిగతావి వేరే లాటు వచ్చాక ఇస్తాను."

ఇక్కడే నా ఇరవై ఏళ్ళ ఉద్యోగం లేచి నిలబడింది. షాఫ్టుకు రెండు చివర్లా వేసే బేరింగులు ఒకే లాటులోవి అయి తీరాలి. వేరువేరు లాట్లవి వేస్తే ఒకటి ముందు వేడెక్కి రెండోదాన్నీ చంపుతుంది. స్టోర్సు వాళ్ళు జత తప్పిన బేరింగులు ఇస్తే నేను వెనక్కి విసిరికొట్టేవాణ్ణి. ఆ సంగతంతా కొట్టాయనకు వివరించాను. డిస్కులో పళ్ళెం తిరిగేదీ బేరింగు మీదే కదా అని కూడా అన్నాను.

"మీవి ఒక షాఫ్టు మీద తిరుగుతాయి సార్. ఇవి దేనికది తిరుగుతాది కదండీ."

ఆ మాట నాకు తగిలింది. ఆ క్షణంలోనే, అక్కడే, ఆయన చెప్పింది సరైనదేనేమో అనిపించింది. పక్కకి చూశాను. బావ నా వంక చూస్తున్నాడు, తెర మీద హీరోని చూసినట్టు.

"మా బావ మిషన్ల మధ్యే బతికినాడండి," అన్నాడు కొట్టాయనతో. "ఆయన సెప్పినట్టే ఇచ్చీండి."

ఇక వెనక్కి ఎలా పోను? ఎనిమిదీ ఆ పెట్టెలోవే కట్టించుకున్నాం.

ఒక్క విషయం చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. ఆ ఎనిమిదింటిలో ఏడింటి చోటే మనది. ఎనిమిదోదాని చోటు లెక్కలకి పోతుంది. ఏ ఒక్క డిస్కు చచ్చినా మిగిలిన ఏడూ ఆ లెక్కలు చూసుకుని దాని సరుకును కొత్త డిస్కు మీద తిరిగి రాస్తాయి. రెండు ఒకేసారి చస్తే మాత్రం అన్నీ చచ్చినట్టే.

సర్వరు నడిచింది. బావ వారం వారం టేపులు తెచ్చి ఎక్కించేవాడు, గంట టేపుకి గంట. ఎక్కిన టేపులు మా ఇంట్లోనే వదిలి పోయేవాడు. అమ్మ టేపే మొదట ఎక్కించాడు. ఇక ఆ గదికి నేను కాపలా. కరెంటు పోతే యూపీఎస్సు కూతపెట్టేది. అది ఆరిపోయేలోగా నేను సర్వర్ని పద్ధతిగా పడుకోబెట్టాలి. అందుకని ఇల్లు దాటలేను. మా పిన్ని మనవరాలి పెళ్ళికి రాజమండ్రి వెళ్ళలేదు. కైలాసగిరి ఎక్కి రెండేళ్ళయింది. సాయంత్రం బీచి రోడ్డు మీద నడక మానేశాను. అందరికీ ఒంట్లో బాగాలేదని చెప్పించేవాణ్ణి. "దానికి లాలపోసి పౌడరు రాయడం ఒక్కటే తక్కువ," అనేది నా భార్య. ఆ హోరు చెవుల్లో ఎంత పాతుకుపోయిందంటే, బాత్రూములో కూడా ఆగిందేమోనని తలుపు తీసి వినేవాణ్ణి.

మూడో సంవత్సరీకానికి ఇంకా నాలుగు రోజులుందనగా, మధ్యాహ్నం, కార్డు కీచుమంది. నాలుగో డిస్కు చచ్చిపోయింది. కంగారుపడలేదు. దీనికోసమే కదా ఇదంతా. కొత్తది తెచ్చి బిగించాను. మిగిలిన ఏడూ తిరిగి రాయడం మొదలుపెట్టాయి. రోజున్నర పని. ఆ రోజున్నరా అవి ఊపిరి పీల్చకుండా తిరగాలి. మర్నాడు పొద్దున కాఫీ వేళకి, సగమైనా కాకముందే, ఐదోది టకటకమని కొట్టుకుని ఆగింది. నాలుగు, ఐదు. పక్కపక్క నంబర్లు.

అదే సమయానికి ఫోను. "ఆదివారం వత్తన్నాను బావా. ఎప్పట్లాగే భోజనాలయ్యాక అమ్మది సూద్దారి."

"రా బావా," అన్నాను.

మూడు రోజులు ఆ గదిలోనే కూర్చున్నాను. కొట్టాయన వచ్చి చూసి, ఒక్క మాటైనా ఎత్తిపొడవకుండా, "రాదు సార్," అన్నాడు. ఎత్తిపొడిచినా బాగుండేది. అన్నం సయించలేదు. బావకు ఫోను చేయాలని చెయ్యి వేసి తీసేసేవాణ్ణి. పారిపోదామంటే పెట్టె నా పడగ్గదిలోనే ఉంది.

ఆదివారం బావ అరటిపళ్ళు పట్టుకుని వచ్చాడు. భోజనాలయ్యాక టీవీ తనే వేసుకుని, కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"పోయింది బావా," అన్నాను.

"ఏటి పోయింది? కరెంటా?"

"మొత్తం. రెండు ఒకేసారి. ఆ రోజు కొట్టాయన చెప్పినట్టే."

ఆయన టీవీ వంకే చూస్తూ, "అమ్మ కూడానా?" అన్నాడు.

ఇప్పుడు, ఇన్ని తప్పులు ఒప్పుకున్నవాణ్ణి, నేను చేసిన ఒక్క మంచి పని కూడా చెప్పుకోవాలి. మనిషి కట్టిన దేన్నీ పూర్తిగా నమ్మకూడదని ప్లాంటులో నేర్చుకున్నవాణ్ణి కనక, అమ్మ టేపును ముందుచూపుతో గుడ్డలో చుట్టి, చెమ్మ తగలకుండా మా బియ్యం డబ్బా అడుగున దాచి ఉంచాను. సైగ చేశాను. నా భార్య లోపలికి వెళ్ళి తెచ్చి అన్నగారి ఒళ్ళో పెట్టింది.

స్టూడియో నుంచి పాత కెమెరా తెప్పించి టీవీకి తగిలించాం. బొమ్మ నిండా గీతలు. సగం మొహం చెరిగిపోయింది. గొంతు మాత్రం నిక్షేపంగా ఉంది. "నా మొకం ఏటి తీత్తన్నావురా, ఒల్లకో! అల్లుడికి పులుసెయ్యండి, ఆయన మాటల్తోనే కడుపు నింపుకుంటన్నాడు." గీతల వెనకాల ఎక్కడో నేను నవ్వుతున్నాను.

బావ రెండుసార్లు వేసుకున్నాడు. మూడోసారి టేపు తెగుతుందేమోనని భయపడి ఆపాడు. ఆ వారంలోనే దాన్ని ఆరు సీడీల మీద ఎక్కించి, ఒక్కోటీ ఒక్కో ఇంట్లో పెట్టాడు. ఒకటి మధురవాడలో కూతురి ఫ్లాటులో. ఆరూ ఆరు కొట్లలో కొన్నాడు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆ ఆదివారం వెళ్ళేముందు మాత్రం గది గుమ్మంలో నిలబడి, "దాన్ని ఆపీ బావా," అన్నాడు. ఆపాను. ఫ్యాన్లు ఒక్కొక్కటే నెమ్మదించాయి. ఆ సాయంత్రం నేను బీచి రోడ్డుకి వెళ్ళాను.

ఇంతవరకూ రాసింది నా భార్యకు చదివి వినిపించాను. బీరకాయలు చెక్కు తీస్తూ, పైలట్ల దగ్గర నవ్వి, బీరువా దగ్గర మూతి విరిచి, అంతా ఓపిగ్గా విన్నది. బియ్యం డబ్బా దగ్గర కత్తిపీట పక్కకి నెట్టింది.

"అది మీరెప్పుడు దాసినారండీ? మిషన్లోకి ఎక్కిపోయింది, ఇంక బూజు కొంపలో ఎందుకని అన్ని టేపులూ సంచిలో కట్టి పాతసామాన్ల బండోడికి ఇచ్చీసినారు. వీధి సివర దాకా పరిగెట్టి మా అమ్మ టేపు తెచ్చుకున్నది నాను. బియ్యంలో ఎట్టింది నాను. డబ్బాలో అదుందని మీకు ఎరికైతే, మూడ్రోజులు తిండి మానీసి ఆ గదిలో ఏటికి కూకున్నారు?"