చిన్నవదిన కథకు ఊ

మరిపెడలో మా వినికిడి కూటమి ఒక ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు మొదలైంది. మహిళా సంఘం భవనంలో చాపలు పరిచాం. జనగామ అబ్బాయి స్పీకరు పెట్టాడు. ఊరూరా చప్పుళ్లను, మాటలను రికార్డు చేసి, పదిమందిని కూర్చోబెట్టి వినిపించడం అతని పని. ఆ రోజు వినిపించింది మా చిన్నవదిన చెప్పిన కథ.

ఎదుటివాళ్లు ఊ కొట్టకపోతే చిన్నవదిన కథ కదిలేది కాదు. చెయ్యి గాలిలో ఆపి, ఊ వచ్చేదాకా చూసేది. రికార్డు చేసిన రోజు ఊ కొట్టింది ఆమె తోటికోడలు, మా పెద్దవదిన. నెల తిరక్కుండానే పెద్దవదిన పోయింది. ఆ గొంతు కోసమే చిన్నవదిన కూటమికి వచ్చింది.

కథ వినిపించింది. ఊ వినిపించలేదు.

"మా అక్క ఏది బిడ్డా?"

"ఊలు అడ్డమొస్తున్నయని తీసేసిన అవ్వా. ఇప్పుడు కథ సాఫ్‌గ ఉంది."

"మరి అసలుది?"

"తుడిచేసిన."

చిన్నవదిన అబ్బాయి వైపు తిరిగింది.

"గోడకు చెప్పినట్టుంది గిది. మిషన్ పెట్టు, మల్ల చెప్త. నువ్వే ఊ కొట్టాలె. నిద్రవోతే ఊకోను."

అందరూ నవ్వారు. అబ్బాయి తల వంచుకుని ఊ అన్నాడు.

"జర గట్టిగ! బువ్వ తినలేదా?"

రెండోసారి అందరం కలిసి ఊ అన్నాం. కథ చివరిదాకా సాగింది.

మొదటి రికార్డింగు రోజు నేను పక్కనే కూర్చుని లెక్కపెట్టాను. పోయినవి ఇవి: అరవై నాలుగు ఊలు, ఒక దగ్గు, "ఇగ చెప్పు చెల్లె" అన్న మాట ఒక్కసారి.