ఊడుపు పాటలో ఖాళీ

పాత రికార్డులు అమ్మీవోళ్ళని నాను ఎప్పుడూ నమ్మలేదు. నమ్మకుండా వెతకడంలోనే మజా ఉండీది.

ఎనభైల మొదట్లో హార్బర్ దగ్గర ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో పని నాది. ఏ ఓడ ఎప్పుడు బెర్తుకొస్తాదో కనుక్కోడమే ఉద్యోగం. పొద్దున్నించి సాయంత్రం దాకా ఫోను రిసీవరు చెవికి అతుక్కునే ఉండీది. సందు దొరికితే రికార్డు షాపులకి ఫోను కొట్టీవోణ్ని, పల్లెపాటలేవైనా వచ్చాయా అని. ఆదివారమైతే పూర్ణా మార్కెట్టు, వన్‌టౌను సందులు, డాబాగార్డెన్స్ ఫుట్‌పాత్‌లు. వేళ్ళు నల్లగా అయిపోయేదాకా అట్టలు తిరగెయ్యడమే.

మోసాలు బోలెడు. అట్ట మీద ఒకటి, లోపల ఇంకోటి. చిరిగిన లేబులు మీద వేరే లేబులు అంటించీవోళ్ళు. అందుకే నాను ముందు రికార్డు అంచుని గోరుతో కొట్టి చూసీవోణ్ని. మంచిదైతే కంచంలా మోగుతాది. బీటుంటే చచ్చు చప్పుడు.

ఎన్ని కొన్నా, అసలు వెతికింది ఒక్కదాని కోసం. అమ్మ చిన్నప్పుడు వాళ్ళ ఊరికి రికార్డు కంపెనీ వాళ్ళొచ్చారంట. ఊడుపులప్పుడు పాడీ ఆడోళ్ళని అయిదుగురిని రైలెక్కించి మద్రాసు తీసుకెళ్ళారంట. ముందు పాట ఎత్తుకున్నది మా అమ్మమ్మ. రికార్డు వచ్చిందని విన్నారు గానీ, ఊళ్ళో గ్రామఫోను ఎవడికుంది? మరుసటేడాది జ్వరమొచ్చి అమ్మమ్మ పోయింది. అమ్మకప్పుడు ఏడేళ్ళు. "మొకం గుర్తున్నాది గానీ గొంతు గుర్తు నేదురా" అనీది అమ్మ. ఆ మాట అన్నప్పుడల్లా వేరే పని ఏదో చూసుకునీది.

వన్‌టౌనులో రేడియోలు బాగుచేసీ ముసలి సాయిబు దగ్గర పాత సరుకు ఎక్కువ. అతనికో రూలు. ఏ రికార్డైనా అరనిమిషం వినిపించి ముల్లు ఎత్తేసీవోడు. ఊరికే వింటే పాట అరిగిపోతాది అనీవోడు. మిగతా దాంట్లో ఏదో దాస్తన్నాడని నా అనుమానం.

ఒక ఆదివారం ఒకటి తీసి చూపించాడు. లేబులు మీద 'ఊడుపు పాట, పల్లె స్త్రీలు', అంతే. అలాంటి 'పల్లె స్త్రీల'ని అప్పటికే నలుగురైదుగుర్ని విన్నాను. అందరివీ డ్రామా ఆర్టిస్టుల గొంతులే. అయినా పెట్టమన్నాను.

ఈ గొంతు వేరు. బొంగురుగా, ఎదురుగాలిలో పిలిచినట్టుంది. వెనకాల నలుగురు ఆడోళ్ళు 'ఓలమ్మా' అని అందుకుంటన్నారు. రెండో వరసలో దేవుడి పేరు రావాలి. అక్కడ గొంతు ఆగిపోయింది. ఒక అడుగు వేసినంత సేపు ఖాళీ, మళ్ళీ పాట. సరిగ్గా అప్పుడే సాయిబు ముల్లు ఎత్తేసాడు.

"గీత పడింది దీనికి" అన్నాను.

"గీతుంటే టక్కుమంటాది బాబూ. టక్కుమందా?"

"మరి ఆ మాట ఏటైపోయింది? మిగతాది వినిపించు."

"కొన్నాక ఇంట్లో విను."

నాకు తిక్కరేగిపోయింది. పాడైన సరుకు అంటగట్టడానికే ముల్లు ఎత్తేస్తన్నావని, ఈ వయసులో ఇవేం పనులని, సందంతా వినపడేలా అరిచాను. పక్క బట్టల షాపాయన బయటికొచ్చి చూసాడు. సాయిబు రికార్డు అట్టలో పెట్టేసి, "ఇది నీకు అమ్మను" అన్నాడు.

ఇంటికెళ్ళేసరికి అమ్మ సేపలు కడుగుతంది. మోసాన్ని ఎలా పట్టుకున్నానో గొప్పగా చెప్పాను. అమ్మ చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి.

"ఏ మాట కాడ ఆగింది?"

పాడి చూపించాను.

"ఆ దేవుడి పేరే కదరా మా నాన్నకి. మా యమ్మ మొగుడి పేరెలా పలుకుతాది? మడిలో పాడినా ఆడ ఊరుకునీది. ఆడోళ్ళందరూ ఒకటే నవ్వు."

తాత పేరు నాకు తెలీకపోలేదు. తట్టలేదు, అంతే.

సోమవారం ఆఫీసు నించి బట్టల షాపుకి ఫోను కొట్టి సాయిబుని పిలిపించాను. అమ్మేసాను అన్నాడు. ఒక్కరోజులో ఎవడు కొంటాడు? నమ్మలేదు. మళ్ళీ కొట్టాను. మూడోసారి మాట మధ్యలోనే ఫోను పెట్టేసాడు. ఆ వారమంతా ఓడల గురించి ఏం మాటాడానో గుర్తు లేదు. అబద్ధమే ఆడతన్నాడని అనుకున్నాను. అబద్ధమే అయ్యుండాలని కూడా అనుకున్నాను.

ఆదివారం అమ్మని తీసుకెళ్ళాను. సాయిబు నా వైపు చూడకుండా అమ్మకి స్టూలు వేసాడు. అమ్మ కొంగు సర్దుకుని, "అది మా యమ్మ పాడిందేమోనండి. మా నాన్న పేరు కాడ ఆపింది" అంది.

సాయిబు అమ్మని చూసాడు, నన్ను చూసాడు. లోపలికెళ్ళి ఏదో హిందీ సినిమా రికార్డు తెచ్చాడు. అట్ట మీద డాన్సు బొమ్మ. లోపల్నించి తీసింది మాత్రం అదే ఊడుపు పాట. అట్ట మీద ఒకటి, లోపల ఇంకోటి. అన్నేళ్ళ నా అనుమానాల్లో అదొక్కటీ నిజమైంది.

"అమ్మేసానని మీవోడికి అబద్ధం చెప్పానమ్మా. కోపమ్మీదున్నోడి చేతికి ఇలాంటిది ఎలా ఇస్తాను?"

కొత్త ముళ్ళ డబ్బా విప్పి ఒకటి బిగించాడు. ఈసారి ఎత్తలేదు. ఖాళీ వచ్చిన చోట అమ్మ మెల్లగా వాళ్ళ నాన్న పేరు అంది. తర్వాత చరణంలో మళ్ళీ ఖాళీ, మళ్ళీ అమ్మ. మూడోసారికి సరిగ్గా తాళంలో పడింది. పాట అయిపోయి ముల్లు గరగరలాడతన్నా ముగ్గురం కదల్లేదు.

ఇంకోసారి పెట్టమని అమ్మ అడిగింది. అతను ఆ ముల్లు తీసి ఇంకో కొత్తది బిగిస్తంటే, నాను దగ్గరికెళ్ళి తప్పయిపోయిందన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

"ఏటన్నావ్?" అన్నాడు.

నిజంగా వినపడలేదో, ఏడిపిస్తన్నాడో ఇప్పటికీ తెలీదు. మళ్ళీ చెప్పాను, బట్టల షాపు దాకా వినపడేలా.