మా మామకు దొరికిన శాఖ

మా మేనమామ పోయిన నెల ఒక శనివారం పొద్దున చనిపోయాడు. నేనప్పటికే సూరత్ ఖటోదరాలో, మేమిద్దరం పనిచేసే బట్టల యూనిట్ ఆఫీసులో కూర్చుని, ఆ రోజు వెళ్లాల్సిన సరుకుకు చీటీలు టైపు చేస్తున్నాను. అత్తమ్మ ఫోన్ చేసి, "మీ మామ లేడు బిడ్డా. చాయ తాగి జర ఒరుగుతనని పండిండు, మల్ల లేవలే" అంది. ఆమె గొంతులోకి ఏడుపు ఇంకా రాలేదు. నేను బ్యాగు సర్దుకునేలోపే, మామ ఉండే కోసాడ్ నుంచి వచ్చే కార్మికులు చెప్పి ఉంటారు, యూనిట్ వాట్సాప్ గ్రూపులో యజమాని కొడుకు చిన్న సేఠ్ మెసేజ్ వచ్చింది. మా కుటుంబ సభ్యుణ్ని పోగొట్టుకున్నాం, నిజాయితీకి మరో పేరు ఆయన, ఆయనే మా బ్రాండ్ అని రాశాడు. కింద మూడు జతల దండం పెట్టే చేతులు.

ఆ చేతులు చూసి నాకు ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు కోపం పనికిరాదంటారు. పనికిరాకపోతే పోనీ. ఆయన పేరును చెరిపేసిన చేతులే ఆయన ఫోటోకు దండ వేస్తుంటే నిమ్మళంగా కూర్చుని మంచి మాటలు రాయడం నా వల్ల కాదు. ఆ చెరిపేసిన చేతుల్లో ఒకటి నాది. ఆ సంగతి కూడా చెప్పే ఈ రాత ముగిస్తాను.

మామది సిరిసిల్ల దగ్గరి పల్లె. పెళ్లయిన కొత్తలో సూరత్ వచ్చి, మరమగ్గాల మీద, ఆయన మాటలో సాంచల మీద, ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాడు. బక్కపలచటి మనిషి. సాంచల చప్పుడులో బతికినవాళ్లందరూ గట్టిగా మాట్లాడతారు, ఆయన మాత్రం పక్కవాడి చెవి దగ్గరికి పోయి మెల్లగా చెప్పేవాడు. పనిలోకి దిగేముందు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కునేవాడు. నేసిన బట్ట చుట్ట మీద ఎవరైనా కూర్చుంటే ఆయనకు చిర్రెత్తుకొచ్చేది, కూర్చున్నది సేఠ్ బావమరిది అయినా సరే లేపేవాడు. పెళ్లిళ్లలో భోజనం మానేసి ఆడవాళ్ల చీర కొంగులు పట్టి చూస్తాడని అత్తమ్మకు ఎప్పుడూ గుబులే. ఒకసారి పెళ్లికూతురి చీర అంచే పట్టుకున్నాడు. అత్తమ్మ అందరి ముందే చేతి మీద ఒక్కటిచ్చింది. "పోగు తెగింది చూడే" అని ఆయన సంజాయిషీ.

ఆయన పేరు నిలబడ్డది ఎర్ర దారంతో. నేస్తుంటే పడుగులో ఒక పోగు తెగిపోతుంది, లేదంటే పేక ఒక వరుస తప్పిపోతుంది. ఎంత చేయి తిరిగినవాడికైనా అది తప్పదు. అప్పుడు ఎక్కువమంది చూసీ చూడనట్టు సాగిపోతారు. తనిఖీలో పట్టుకుంటే పట్టుకుంటారు, లేకపోతే లేదు. మామ అలా కాదు. తప్పు పడ్డ చోట బట్ట అంచుకు వేలెడు ఎర్ర దారం ముడివేసేవాడు. కొన్నవాడు తానును, అంటే ఇక్కడివాళ్లు తాకా అనే ఆ నిలువెత్తు చుట్టను, విప్పకుండానే పక్క నుంచి చూసి ఎన్ని చోట్ల తప్పుందో చెప్పేయొచ్చు. దారం లేని చోట కళ్లు మూసుకుని కత్తెర పెట్టొచ్చు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, ఎందుకు మామా నీ తప్పును నువ్వే చాటుకుంటావు అని అడిగితే, "నా తప్పు నేను చెప్తె అది పని. ఇంకొకడు పట్టుకుంటె అది దొంగతనం" అన్నాడు.

తోటి సాంచలవాళ్లకు ఇది నచ్చేది కాదు. నువ్వొక్కడివే సత్తెకాలపు మనిషివి, మేమంతా దొంగలమా అని దెప్పేవారు. ఆయన పట్టించుకునేవాడు కాదు. ఏ సాంచ మీద ఎవరు ఏం చేస్తున్నారో ఎవరికీ చాడీ చెప్పిన పాపాన పోలేదు. పొద్దస్తమానం తన నాలుగు సాంచల మధ్యే తిరుగుతూ, చెవి వెనక ఎర్ర దారం ఉండ పెట్టుకుని ఉండేవాడు.

శాఖ కథ అప్పటిదే. పెద్ద సేఠ్ ఇంకా యూనిట్‌కు వస్తున్న రోజులు. మా బట్ట కొనే ముసలి వ్యాపారి ఒకాయన మార్కెట్ నుంచి స్వయంగా వచ్చి, ఈ ఎర్ర దారం కట్టేది ఎవరని అడిగి, మామను పిలిపించుకుని భుజం తట్టి, సేఠ్‌తో "ఇస్ భాయ్ కీ తో బజార్ మే శాఖ్ హై" అన్నాడు. మామకు హిందీ పనికి సరిపడా వచ్చు, గుజరాతీ అంతంత మాత్రం. ఆ రోజు షిఫ్టు దిగి కోసాడ్‌లో ఇంటికి పోయి, నాకు శాఖ ఇచ్చిండ్రు అని చెప్పాడు. ఇంకేముంది, మెట్ల మీద ఉన్నవాళ్లందరికీ తెలిసిపోయింది. మామకు శాఖ వచ్చిందంటే ఏదో డిపార్టుమెంటుకు పెద్దను చేశారని కాలనీ అంతా అనుకున్నారు. ఎదురింటాయన కుర్చీ ఇస్తారా, గది ఇస్తారా అని ఆరా తీశాడు. ఇంకొకాయన ఎర్ర దారం శాఖామంత్రి అని పేరు పెట్టాడు. అత్తమ్మ సేమియా పాయసం చేసింది. నేను మా ఇల్లుండే అమ్రోలి నుంచి వెళ్లేసరికి గిన్నె సగం ఖాళీ అయింది.

నేను ఇక్కడే గుజరాతీ బడిలో చదువుకున్నదాన్ని. మామను పక్కకు పిలిచి, అది మన శాఖ కాదు మామా, శాఖ్ అంటే బజారులో పేరు, నమ్మకం, ఈ మనిషి మాటకు తిరుగులేదని అందరూ అనుకోవడం అని చెప్పాను. ఆయన ముఖం చిన్నబోతుందని భయపడ్డాను. ఆయన చెంచాతో పాయసం కలిపాడు.

"గట్లనా," అన్నాడు. "అయితె ఇదే మంచిగున్నది. శాఖ ఇస్తె రేపు గుంజుకుంటరు. దీన్ని ఎవ్వడు గుంజుకుంటడు?"

ఈ మాట తలుచుకుంటే నాకు దుఃఖం కంటే ముందు కోపమే వస్తుంది. ఎందుకంటే గుంజుకున్నారు. కష్టపడి సంపాదించిన పేరు ఎటూ పోదని మనం పిల్లలకు చెబుతాం. పోతుంది. సంపాదించడానికి ఒక జీవితం పట్టింది, పోవడానికి ఒక కాగితం సరిపోయింది.

పెద్ద సేఠ్ మంచం పట్టాక కొడుకు వచ్చాడు. వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం సాంచలు ఆపించి అందరినీ కూర్చోబెట్టి, తెర మీద బొమ్మలు వేసి, పనిచేసే చోట మనిషి తన పేరును ఎలా పెంచుకోవాలో చెప్పాడు. ఇమేజ్ అన్నాడు, ట్రస్ట్ అన్నాడు, నిన్ను నువ్వు అమ్ముకోవడం నేర్చుకోవాలన్నాడు. మామ నా చెవి దగ్గరికి వంగి, "ఆ పరదాల రెండు పోగులు తెగినయి" అన్నాడు. తర్వాత ఆయన్ని ముందుకు పిలిచి, చేతిలో ఎర్ర దారం పెట్టి ఫోటో తీసి ఆఫీసు గోడకు వేలాడదీశారు. ఫోటోలో నవ్వమంటే ఆయనకు నవ్వడం రాలేదు.

మరుసటి వారం నుంచి యూనిట్‌లోని ప్రతి తాను అంచుకూ ఎర్ర దారం కట్టమని హుకుం వచ్చింది. బట్టను మడతలు పెట్టే చోట ఇద్దరు ఆడవాళ్లను కూర్చోబెట్టారు. వాళ్లు బట్ట వైపు చూడాల్సిన పని లేదు, ఇన్ని మీటర్లకు ఒక ముడి వేస్తూ పోవడమే. కొనేవాడికి దారం కనిపించాలి, దారం కనిపిస్తే మిగతాదంతా శుభ్రమని నమ్మాలి. మామ నేరుగా చిన్న సేఠ్ గదిలోకి పోయాడు. తనకు వచ్చిన హిందీలో ఏం చెప్పాడో బయటికొచ్చి మన మాటలో నాకూ చెప్పాడు. "దారం ఉన్న కాడ తప్పుండాలె. తప్పు లేని కాడ కట్టినవనుకో, దారం లేని కాడ తప్పుంటది. గిదే చెప్పిన. నవ్విండు." ఆయన అంత కోపంగా ఉండగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆయన చెప్పినట్టే అయింది. ముసలి వ్యాపారి కొన్న సరుకు రంగు మిల్లుకు పోయింది. ముడి బట్ట మీద కనిపించని తప్పులు రంగు పడ్డాక చారలు చారలుగా తేలాయి, అన్నీ దారం లేని చోటే. ఆ సరుకులో మామ సాంచల మీది తాను ఒక్కటీ లేదు. ఆ లెక్క నా దగ్గరే ఉంటుంది కాబట్టి ఖాయంగా చెబుతున్నాను. వ్యాపారి మండిపడ్డాడు. మీ ఎర్ర దారం మనిషి కూడా ఇంతేనా అని ఫోన్‌లో అడిగాడట. చిన్న సేఠ్‌కు జవాబు కావాలి. నన్ను పిలిచి గుజరాతీలో ఉత్తరం చెప్పాడు. దారం గుర్తులు పెట్టే కార్మికుడి నిర్లక్ష్యం వల్ల ఇది జరిగింది, అతన్ని మగ్గం నుంచి తప్పించాం, చింతిస్తున్నాం. మామ పేరు, సాంచల నంబర్లతో సహా. ఈ సరుకు ఆయనది కాదు సార్ అన్నాను. ఇది ఉత్తరం మాత్రమే, ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేయడం లేదు కదా అన్నాడు. నేను టైపు చేశాను. ఒక్క అక్షరం తప్పు పోకుండా చేశాను.

మామను మూటలు కట్టే పనిలో వేశారు. మిగతావాళ్లకు బుద్ధి రావాలని ఉత్తరం నకలు గేటు దగ్గర అతికించారు. ఆదివారం ఆయన దాన్ని ఫోన్‌లో ఫోటో తీయించుకుని అమ్రోలిలో మా ఇంటికి వచ్చాడు. చెప్పులు విప్పి, గోడకు ఆనుకుని కూర్చుని, జర చదువు బిడ్డా, అందరు నన్నే చూస్తున్నరు అన్నాడు. నేను చదివాను. బేదర్కారీ అన్న చోట ఆపి, అంటే ఏందని అడిగాడు.

"అజాగ్రత్త, మామా."

"నేనా?" అన్నాడు.

చిన్న సేఠ్ రాయించాడని చెప్పాను. ఎవరితోని అని అడిగాడు. చాయ పెడతానని వంటింట్లోకి పోయాను. పాలు పొంగేదాకా అక్కడే నిలబడ్డాను. నేను తిరిగొచ్చాక ఆయన మళ్లీ అడగలేదు. చాయ తాగి, నా కూతురి లెక్కల పుస్తకం తిరగేసి, వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర, "నీ నౌకరి పైలం బిడ్డా" అన్నాడు.

ఉద్యోగం జాగ్రత్త అన్న ఆ మాటకు నాకు ఆయన మీద కూడా కోపమే. తిట్టి ఉండాల్సింది. నా చెంప పగలగొట్టి ఉండాల్సింది. గేటు దగ్గర ఆ కాగితం చించి పారేసి ఉండాల్సింది. ఎనిమిది నెలలు ఆ కాగితం పక్క నుంచే మూటలు మోస్తూ తిరిగాడు. ఎండకు రంగు వెలిసి అక్షరాలు కనబడకుండా పోయేదాకా అది అక్కడే ఉంది. ఆయన మళ్లీ బట్ట అంచు పట్టుకుని చూడటం నేను చూడలేదు. పెళ్లికి పోతే బుద్ధిగా భోజనం చేసి వస్తున్నాడని అత్తమ్మ చెప్పినప్పుడు నేను నవ్వాను కూడా. ఆ నవ్వు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

దినాలు కాకముందే చిన్న సేఠ్ నన్ను పిలిచి, కంపెనీ పేజీలో పెట్టడానికి ఆయన గురించి నాలుగు మంచి ముక్కలు రాయమన్నాడు. నీకు మేనమామ కదా, మనసు పెట్టి రాస్తావన్నాడు. మనసు పెట్టే రాశాను. కంపెనీ పేజీకి కాదు, అదే ముసలి వ్యాపారికి ఉత్తరంగా, అదే గుజరాతీలో, ఏ తాను ఏ సాంచ మీదిదో వరుసగా రాసి, మొదటి ఉత్తరంలో ఉన్నది అబద్ధమని, దాన్ని టైపు చేసింది నేనేనని రాసి సంతకం పెట్టాను. మార్కెట్‌కు తీసుకుపోయి ఆయన చేతికే ఇచ్చాను. రెండుసార్లు చదివాడు. ఇల్లెక్కడ అని మాత్రం అడిగాడు. నా ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు, తేలితే తేలనీ.

పదకొండో రోజు ఆ ముసలి వ్యాపారి కోసాడ్ వచ్చాడు. ఆ వయసులో, మోకాలి మీద చెయ్యి వేసుకుంటూ మూడంతస్తులు ఎక్కాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. అత్తమ్మ ముందు చేతులు జోడించి గుజరాతీలో చాలాసేపు మాట్లాడాడు. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏమంటున్నడు అని నన్ను అడిగింది.

తప్పు మామది కాదని తెలిసిందట అత్తమ్మా, ఆ మాట చెప్పడానికే వచ్చాడట అన్నాను.

అత్తమ్మ ఆయన వైపు చూడలేదు. నా వైపే చూసింది.

"నాకెందుకు చెప్పుడు? నాకు మొదటిసంది ఎరికే," అంది. "మీ మామకు చెప్పుమను."

దాన్ని గుజరాతీలో ఎలా అనాలో నాకు తెలుసు. ముసలాయన జోడించిన చేతులు దించకుండా, ఆమె ఏమందో చెబుతానని నా నోటి వైపే చూస్తూ నిలబడి ఉన్నాడు.