సుగుణక్క బాధకు నేను పెట్టిన ఇంగ్లీషు మాట

పదేళ్లుగా ఒక మాట నా గొంతులో ఉంది. మింగుదామంటే దిగదు, ఉమ్ముదామంటే రాదు. అదీ ఇంగ్లీషు మాట. ఏడో తరగతి దాటని ఆడదానికి ఇంగ్లీషులో పాపం చేసేంత చదువు ఎక్కడిదని మీరు నవ్వుతారేమో. నవ్వండి. కానీ చివరిదాకా వినండి. ఇంట్లో పిల్లలకు వంద కథలు చెప్పాను గానీ ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మాది లక్సెట్టిపేట దాటాక గోదావరి వైపున్న ఒక ఊరు. పేరు రాయను. అక్కడ మిషన్ బంగళాలో ఒక తెల్ల దొరసాని ఉండేది. మా అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. అవ్వ ఆమెకు వంట చేసేది. నేను వంటింటి గడపలో ఉల్లిగడ్డలు ఒలుస్తూ ఆమె మాటలు వినేదాన్ని. బడి ఇంగ్లీషు నాకు అబ్బలేదు, చెవులతో తాగిన ఇంగ్లీషు ఒంటబట్టింది. మనసులోని బాధలకు ఇంగ్లీషు మాటలు ఆమే నేర్పింది. తన దేశం నుంచి ఉత్తరం వచ్చినరోజు దాన్ని మడిచి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని ‘ఏక్’ అనేది, తలనొప్పిని హెడేక్ అంటారే, అందులోని ఏక్. ఏడవడం వేరట, అలగడం వేరట. బయటికి ఏమీ కనబడనియ్యకుండా లోపల సలుపుతూ ఉంటే ఈ మాట అనాలట. అట్లాంటివి నా దగ్గర ఇరవై ముప్పై ఉండేవి. ఎవరైనా బాధపడుతుంటే చూసి, దీనికి ఏ మాట సరిపోతుందని లోలోపల వెతుక్కోవడం నాకొక ఆట.

అరవై తొమ్మిదిలో, తెలంగాణ గొడవలకు బళ్లు మూతపడ్డ ఏడాది, మా తమ్ముడు పుట్టాడు. అవ్వకు పాలు పడలేదు. బంగళాలోని పాలపొడి రోజూ పిడికెడు కొంగున కట్టుకుని వచ్చేది. ఆ సంగతి బంగళా ఊడ్చే సుగుణక్క చూసింది. మా అవ్వను పక్కకు పిలిచి అడగొచ్చు కదా? అడగలేదు. ఆడవాళ్ల ప్రార్థన జరిగే రోజు, అందరూ చాపల మీద కూర్చుని ఉండగా అన్నది.

“అమ్మగారూ, పాలపొడి ఏ పిల్లి తింటుందో జర మీ వంటింట్ల అడుగుండ్రి. గా పిల్లికి రెండే కాళ్లు.”

అందరూ నవ్వారు. దొరసాని కూడా, అర్థమయ్యేదాకా నవ్వింది. అవ్వ లేచి కొంగు విప్పి అందరి ముందూ దులిపి చూపించింది. తెల్లటి పొడి చాప మీద రాలింది.

వంటపని పోయింది. నా బడి ఆగింది. తమ్ముడు బతకలేదు. పాలపొడి ఉంటే బతికేవాడా? తెలియదు. ఆ ప్రశ్నకు జవాబుగా నేను ఏళ్ల తరబడి సుగుణక్క ముఖమే పెట్టుకున్నాను. ఆమె అబద్ధం చెప్పి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్నేమో. ఆమె చెప్పింది నిజం. నిజం చెప్పినదాన్ని ఏమని తిట్టాలి?

మా చర్చి సంఘంలో ప్రభు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం, తీసుకునే ముందు, మనసులో పగ ఉన్నవాళ్లు చేతులు పట్టుకుని సమాధానపడాలి. ప్రతిసారీ నేనే పోయి ఆమె చేతులు పట్టుకునేదాన్ని. ఆమె చేతులు వెచ్చగా ఉండేవి. ఆగు, నీకూ ఒక రోజు వస్తుంది అనుకుంటూ పట్టుకునేదాన్ని.

ఆ రోజు వచ్చింది. దొరసాని ఎప్పుడో తన దేశం వెళ్లిపోయింది. వేరే తెల్లామె ఒకతె, నర్సు ట్రైనింగుకు మా సంఘం నుంచి ఇద్దరు ఆడపిల్లలను ఎంచడానికి వచ్చింది. తెలుగు ఒక్క ముక్క రాదు. పదోతరగతి పాసైన పిల్లలు ఐదుగురున్నారు. పాస్టరయ్యగారికి చలిజ్వరం. ఆమె మాట తెలుగులో, తల్లుల మాట ఇంగ్లీషులో చెప్పడానికి నన్ను కూర్చోబెట్టారు. ఆమె పద్ధతేమిటంటే, ముందు పిల్ల మార్కులు చూసేది, తరువాత తల్లిని మాట్లాడించేది. కథంతా నాకొద్దు, ఈ తల్లి మనసులో ఏముందో ఒక్క మాటలో చెప్పు అనేది. ఆ మాటను పిల్ల పేరు పక్కన నోటుబుక్కులో రాసుకునేది.

సుగుణక్క కూతురు రూతు. మంచి పిల్ల, మార్కుల్లో అందరికంటే ముందు. సుగుణక్కకు అప్పటికి మొగుడు పోయి ఆరేళ్లు. పత్తి ఏరి ఏరి వేళ్లు పగిలిపోయాయి. వచ్చి నా పక్కనే కూర్చుంది.

“చెల్లె, నాకు మాట్లాడరాదు. జర మంచిగ చెప్పు.”

“ఫికర్ చెయ్యకక్కా. నేను లేనా?”

“నా బిడ్డ నా లెక్క పత్తిచేన్ల పడొద్దు చెల్లె. దాని ముంగట నవ్వుత. అది పండుకున్నంక పొయ్యికాడ కూసుంట. లోపట ఒక్కతీరుగ సలుపుతది. ఎవ్వలకు చెప్పలే. నీకే చెప్తున్న.”

ఆమె ఏడవలేదు. పగిలిన వేళ్లు ఒళ్లో పెట్టుకుని నేల చూస్తూ చెప్పింది. నాకు అప్పుడు ఏ మాట సరిపోతుందో తెలుసా? తెలుసు. నాలుక చివర సిద్ధంగా ఉంది. దొరసాని ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని అన్న ఆ మాటే. వెతకాల్సిన పని కూడా లేదు.

నేను ‘డిమాండ్’ అన్నాను. గద్దించి అడుగుతోంది, ఇయ్యాల్సిందే అంటోంది అని. గట్టిగా, నిమ్మళంగా అన్నాను. తెల్లామె పెన్ను ఆగింది. తలెత్తి సుగుణక్కను చూసింది. సుగుణక్క రెండు చేతులూ జోడించి నవ్వింది. తెల్లామె ఆ మాట రాసుకుంది.

ఆ క్షణం నాకు ఎట్లా ఉందంటే, దాచను, ఎండాకాలం కుండలో నీళ్లు తాగినట్టుంది. ఇరవై ఏళ్ల దూప తీరింది.

వేరే ఇద్దరు పిల్లలను తీసుకున్నారు. మార్కులు ఎక్కువున్న రూతును ఎందుకు వదిలారని పాస్టరయ్యగారు జ్వరం తగ్గాక అడిగితే, ఆ తల్లి వైఖరి బాగలేదన్నారట. నాలుగు రోజులకు సుగుణక్క కొంగులో ఆరు కోడిగుడ్లు తెచ్చి మా గడపలో పెట్టింది.

“నువ్వు మంచిగనే చెప్పినవ్ చెల్లె. మా నసీబే గట్లుంది.”

గుడ్లు తీసుకున్నాను. వండుకుని తిన్నాను కూడా.

రూతు ఇప్పుడు భైంసాలో దూది మిల్లులో పనిచేస్తుంది. సెలవులకు వచ్చినప్పుడు చిన్నమ్మా అంటూ మా ఇంటికి వస్తుంది. దగ్గుతుంది. నా చేతి చాయ్ తాగి పోతుంది. ఆ పిల్ల నాకేం చేసింది? దెబ్బ తల్లికి కొట్టాననుకున్నాను, తగిలింది ఎవరికి? ఈ లెక్క నాకు అప్పుడే తెలుసు. తెలిసే కొట్టాను. తల్లిని కొట్టాలంటే బిడ్డను కొట్టాలని నాకు నేర్పింది సుగుణక్కే అని చెప్పుకుని నిద్రపోయేదాన్ని. మొదట్లో బాగా పట్టేది నిద్ర.

సుగుణక్కకు చెప్పేయొచ్చు కదా అంటారు. ఇంటికి ఇంటికి మధ్య నాలుగు ఇళ్లే. పాదాలు పట్టుకుంటే ఆమె క్షమిస్తుంది, ఆమె రకం నాకు తెలుసు. నా భయమంతా అదే. ఆమె క్షమించిందంటే, నేను కూడా ఆమెను క్షమించాలి. చాప మీద పొడి దులుపుతున్న అవ్వ ముఖాన్ని వదిలేయాలి. అది నాకు చేతగాదు. రూతును చూస్తే కడుపు తరుక్కుపోతుంది, సుగుణక్కను చూస్తే ఇప్పటికీ పళ్లు బిగుసుకుంటాయి. రెండూ నిజమే. ఒకటి రెండోదాన్ని ఆర్పడం లేదు.

తర్జుమా సరిగా రాక తప్పు దొర్లిందని, కంగారులో నోరు జారిందని రాయబోయి రెండు కాగితాలు చింపాను. నోరు జారలేదు. రూతు చదువు పోగొట్టింది నేను. తెలిసి, ఏరి, చేశాను. ఇన్నాళ్లూ ఇది నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.