అంకాలమ్మ దగ్గింది

మా ఆవిడ అంకాలమ్మ మాట వినేవాళ్ళు ఫోన్లో ఎనభై వేలమంది ఉన్నారు. నా మాట వినాల్సిన మనిషి ఒక్కతే, ఆవిడే వినదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే, తర్వాత నేను విసుక్కున్నప్పుడల్లా మీకు వింతగా ఉండదు.

నా పేరు శివాజీ. బందరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో మిషన్ చూసుకుంటాను. ఆవిడ మా రేవులో చేపలు వేలం పాడుతుంది. పడవలు ఒడ్డుకు రాగానే సరుకు గుట్టలుగా పోస్తారు. అంకాలమ్మ ఇత్తడి గంట మోగించి, ఒక్కో గుట్టలోంచి ఒక చేప తీసి, దాని మొప్ప ఎత్తి అందరికీ చూపించి, అప్పుడు పాట మొదలుపెడుతుంది. మొప్ప ఎర్రగా ఉంటే తాజా, పాలిపోయి ఉంటే నిల్వ. పాలిపోయినదాన్ని ఎర్రదని ఆవిడ ఇరవై మూడేళ్ళలో ఒక్కసారి కూడా అనలేదు. మా పెళ్ళి కుదిర్చిన పెద్దమనిషి వచ్చి బతిమాలినా అనలేదు. ఆయన ఇప్పటికీ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాడు, నేనేదో చేసినట్టు.

ఇలాంటి మనిషి వీడియో గేముల మంచిచెడ్డలు చెప్పే స్థాయికి ఎలా వచ్చిందంటే, సగం తప్పు మా అమ్మాయి హేమది, సగం నాది. హేమ విజయవాడలో ఇంజనీరింగ్ చదివి, గుణదలలో శాలిని అనే స్నేహితురాలితో కలిసి గది తీసుకుని, గేములు తయారుచేసే పనిలో పడింది. మూడేళ్ళ కిందట ఇంటికొచ్చినప్పుడు లాప్‌టాప్‌లో ఒక చేపలవేట ఆట పెట్టి వాళ్ళమ్మకు చూపించింది. ఆట కొత్తగా విడుదలైనదే. కానీ పాతకాలం వీడియో గేములా బొమ్మలన్నీ గళ్ళుగళ్ళుగా ఉంటాయి, సంగీతం కీచుమంటుంది. అలా కావాలనే చేస్తారట. అంకాలమ్మ గాలం వేసింది. నడిసముద్రంలో కొరమేను పడింది.

“కొరమేనేంటయ్యా ఇక్కడ!” అని ఒంటికాలి మీద లేచింది. “అది చెరువు చేప. ఉప్పునీళ్ళల్లో ఒక్క పూటన్నా బతుకుద్దా? ఈ ఆట చేసినోడు చేప మొహం ఎప్పుడన్నా చూశాడా? చూసే ఉంటాడులే, పళ్ళెంలో!”

నేను ఊరికే సరదాగా ఫోన్లో వీడియో తీశాను. హేమ దాన్ని నెట్‌లో పెట్టి ఊరంతటికీ చూపించేసింది. వారం తిరిగేసరికి ఎవరెవరో తమ ఆటలు పంపించి, “అక్కా, మాదాని మొప్ప కూడా ఎత్తి చూడండి” అని అడగడం మొదలుపెట్టారు. అప్పటినుంచి ప్రతి ఆదివారం మా ఇంట్లో ఇదే పని. ఆవిడ ఆడుతుంది, తిడుతుంది. నేను ఫోను పట్టుకుంటాను. చెయ్యి వణికితే నన్నూ తిడుతుంది.

ఆవిడ తీర్పులు కొన్ని నాకు కంఠతా వచ్చు. వ్యవసాయం ఆట ఒకటి వచ్చింది. “నాటిన నాలుగోరోజుకి టమాటా కాస్తంది. తెగులు లేదు, తుపాను లేదు, దళారి లేడు. ఇది వ్యవసాయం కాదమ్మా, వేసవి సెలవలు.” ఒక పిల్లాడు గోతులు దాటుకుంటూ పోయే ఆట ఇంకొకటి. “నలభైసార్లు అదే గోతిలో పడి చచ్చా. నలభై ఒకటోసారి దాటితే ఆ సంతోషానికి మా ఇంటాయన్ని ముద్దు పెట్టుకున్నా. ఎర్ర మొప్ప!” ఆ ముక్క తీసెయ్యమని నేను మొత్తుకున్నాను. హేమ తియ్యలేదు. ఫ్యాక్టరీలో ఆ వారమంతా నేను తలెత్తుకోలేకపోయాను, లోపల మాత్రం బాగానే ఉంది. మరొక ఆటలో ఒక ముసలాయన ఒక్కడే దీపస్తంభంలో ఉంటూ రోజూ దీపం వెలిగిస్తాడు, అంతే. గంటసేపు నోరు మెదపకుండా ఆడి, “ఇందులో ఏం లేదు. అయినా లేవబుద్ధి కాలా” అంది. ఆ ఆట చేసినవాడు ఏ దేశంవాడో గానీ తెలుగు నేర్చుకుంటానని రాశాడు.

అన్నిటికన్నా ఎక్కువమంది విన్నది ఎండుచేప మాట. “పాతగా కనబట్టంలో రెండు రకాలు. ఎండుచేప ఉంది, కావాలని ఉప్పు పట్టించి ఎండబెట్టింది, దాని రుచి దానిది. నిల్వచేప ఉంది, అమ్ముడుపోక మిగిలి, పైన ఐసు కప్పుకుని తాజాదాన్నని కూర్చుంది. ఈ గళ్ళబొమ్మల ఆటలూ అంతే. కొన్ని ఎండుచేపలు, కొన్ని ఐసు కప్పుకున్నయ్యి.” మధ్యలో ఐసును తిట్టడం నాకు నచ్చలేదు. కానీ మాట నిజమే.

ఈ నోటితోనే ఒక పగ కూడా తెచ్చుకుంది. రేవులో వేలం పాడే ఇంకో మనిషి పోలరాజు. వరసకు ఆవిడకి అన్న. నిలువెత్తు మనిషి, అరిస్తే పడవలో ఇంజను వినబడదు. ఒక ఆటలో చివర వచ్చే పెద్ద రాక్షసుణ్ణి చూసి, “వీడు మా పోలరాజన్న లాంటోడే. అరుపే గానీ కరవడు” అనేసింది. ఎనభై వేలమంది నవ్వారు. పోలరాజు ఎనిమిది నెలలు మాతో మాట్లాడలేదు.

ఇలా ఉండగా పోయిన నెల హేమ గుణదలనుంచి దిగింది. రెండేళ్ళుగా శాలినీ తనూ కలిసి చేస్తున్న ఆట పూర్తయింది. పేరు ‘పొద్దుటి పాట’. గళ్ళబొమ్మల సముద్రం, చిన్న పడవ. తెల్లవారుజామున వేటకు వెళ్ళి, ఐసు కరిగేలోగా రేవుకు తిరిగి రావాలి. ఒడ్డున గంట పట్టుకుని ఒక ఆడమనిషి నిలబడి ఉంటుంది. ఆ చీర ఎవరిదో నేను చూడగానే పోల్చుకున్నాను.

“పది రోజుల్లో విడుదల చేస్తున్నాం అమ్మా. ఇది ఆడకపోతే మేం గది ఖాళీ చేసి ఏదో ఒక ఉద్యోగం చూసుకోవాల్సిందే. నువ్వొక్క వీడియో చేస్తే చాలు” అంది హేమ.

అంకాలమ్మ ఆ రోజంతా ఆట ఆడింది. సాయంత్రం లాప్‌టాప్ మూసి, “నేను చెప్పను” అంది.

“బాలేదా?”

“బాగుందనీ చెప్పను, బాలేదనీ చెప్పను. మన పడవ సరుకు మనం పాడకూడదు.”

ఇది మా రేవు కట్టుబాటు. సొంత పడవ సరుకు వచ్చిందంటే పాడే మనిషి గంటను ఇంకొకరి చేతికిచ్చి, సుద్దగీత అవతలికి పోయి నిలబడాలి. మాట్లాడకూడదు, సైగ చెయ్యకూడదు, ఆఖరికి దగ్గకూడదు. ఎందుకంటే దగ్గు కూడా సైగే. సొంతదారు దగ్గితే పాట ఆపి, సరుకును మొదటినుంచి మళ్ళీ చూడాలి. దగ్గినవాళ్ళు ఆ రోజు రేవులో ఉన్న అందరికీ టీ పోయించాలి.

“ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఆటలకి మొప్ప ఎత్తుతావు, నా దానికి ఎత్తవా?” అని హేమ ఏడ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కన్నకూతురికి కట్టుబాటేమిటని గట్టిగానే అడిగాను.  మర్నాడు పొద్దున్నే ఆవిడ గంట చీరకొంగులో చుట్టుకుని, నన్నూ హేమనూ వెంటబెట్టుకుని, ఎనిమిది నెలలుగా మాతో మాటల్లేని ఆ పోలరాజు ఇంటికే వెళ్ళింది.

“అన్నా, నా కూతురి సరుకు వచ్చింది. నువ్వు పాడాలి” అని గంట ముందు పెట్టింది.

పోలరాజు గంటను చూశాడు, హేమ వాచిపోయిన కళ్ళు చూశాడు. “రాక్షసుడు పాడితే జనం వింటారా చెల్లెమ్మా?” అన్నాడు. ఆ తర్వాత నవ్వు ఆపుకోలేకపోయాడు. ఎనిమిది నెలల కోపం అంతటితో సరి.

ఆ ఉదయం పాటలు ముగిశాక, షెడ్డులోనే ఐసు పెట్టె బోర్లించి దానిమీద లాప్‌టాప్ పెట్టాం. నేల మీద సుద్దతో గీత గీశారు. అంకాలమ్మ గీత అవతల నిలబడింది. నేను ఫోను పట్టుకున్నాను. రేవులో ఉన్నవాళ్ళంతా మూగారు. పోలరాజు జన్మలో గేము ఆడిన మనిషి కాదు. మొదటి పది నిమిషాలు పడవను గట్టుకేసి గుద్దాడు. “స్టీరింగేదమ్మా దీనికి?” అని అరిచాడు. వెనకనుంచి ముప్పైమంది ముప్పై సలహాలు. “ఎడమకి! ఎడమకి తిప్పు!” “మెడ కాదయ్యా, పడవ తిప్పు!” గాలి మారితే అందరూ ఒక పక్కకు వాలుతున్నారు. తెర మీద వంజరం పడగానే షెడ్డు కప్పు ఎగిరిపోయేటట్టు కేకలు. పోలరాజు టీ చల్లారిపోయింది. మూడు గంటలపాటు ఆ పెద్దమనిషి పిల్లాడిలా కాళ్ళు ఊపుతూ కూర్చున్నాడు. నేను ఫోను పట్టుకున్నానన్న సంగతి మర్చిపోయి, చాలాసేపు నా చెప్పుల్నే వీడియో తీశాను.

అంకాలమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఇరవయ్యేడేళ్ళ కాపరంలో ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేను చూడలేదు. మొహం ఎర్రబడి మొప్పలాగే ఉంది.

చివరికి పోలరాజు లేచి గంట మోగించాడు. “వినండయ్యా! మొప్ప ఎత్తి చూశా. ఎర్రగా ఉంది! ఏ లోపమూ లేదు! మా హేమ ఆట...”

షెడ్డంతా చప్పట్లు. హేమ రెండు చేతులతో మొహం కప్పుకుని ఎగురుతోంది. నేనూ ఎగిరాను.

అప్పుడు గీత అవతలినుంచి దగ్గు వినబడింది.

చప్పట్లు ఆగిపోయాయి. అందరూ అటు తిరిగారు. అంకాలమ్మ కొంగు తీసి, తలెత్తి, మళ్ళీ దగ్గింది. పొడిదగ్గు. గొంతులో ఏమీ అడ్డం పడలేదని అందరికీ తెలుస్తూనే ఉంది. సరుకు ధర పెరగాలని దగ్గినవాళ్ళను రేవు చూసింది. సొంత సరుకును ఇంకోసారి పరీక్షించమని దగ్గినవాళ్ళను ఎవరూ చూడలేదు.

పోలరాజు మళ్ళీ కూర్చున్నాడు. కట్టుబాటు కట్టుబాటే. ఈసారి గెలవడానికి ఆడలేదు. వల వేశాడు, చేపలు. మళ్ళీ వేశాడు, చేపలు. ఎక్కడ వేసినా, ఎలా వేసినా చేపలు. పదోసారి చెయ్యి తీసేసి వెనక్కి తిరిగాడు.

“హేమా, ఈ సముద్రంలో వల ఖాళీగా రాదేంటమ్మా?”

హేమ తలదించుకుంది. “మొదట్లో వచ్చేది మావయ్యా. విజయవాడలో కొంతమందికిచ్చి ఆడిస్తే, వల ఖాళీగా వచ్చినప్పుడల్లా ఆట కట్టేసి పోతున్నారు. శాలిని భయపడింది. నేనూ భయపడ్డాను. తీసేశాం.”

“వల ఖాళీగా వస్తదేమోనని గుండె పీచుపీచుమంటేనే కదమ్మా, వంజరం పడ్డప్పుడు ఎగిరేది” అన్నాడు పోలరాజు. “ఇందాక మేం ఎగిరింది కొత్త మోజులో. రేపటికి ఎగరం.”

హేమ వాళ్ళమ్మ వైపు చూసిన చూపు నేను మర్చిపోను. కోపం, ఉక్రోషం, అన్నీ ఉన్నాయి. లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. ఆ వీడియో నా ఫోన్లోంచి పంపించమని మాత్రం ఆ రాత్రి కబురు పెట్టింది. పంపించాను. అంకాలమ్మ ఆ రోజే కట్టుబాటు ప్రకారం రేవంతటికీ టీ పోయించింది. పోలరాజు పంతానికి రెండు గ్లాసులు తాగాడు.

వారం రోజులు హేమ దగ్గరనుంచి ఫోను లేదు. “దగ్గకుండా ఉంటే నీ సొమ్మేం పోయేది?” అని నేను సాధించాను. ఆవిడ అన్నం సరిగ్గా తినలేదు. “పాలిపోయినదాన్ని ఎర్రదంటే విన్నవాళ్ళు ఒక్కసారి కొంటారు. మళ్ళీ దాని మొహం చూస్తారా?” అంది ఒకసారి, గోడతో చెప్పినట్టు.

విడుదల రోజున అంకాలమ్మ తన డబ్బు పెట్టి తనే ఆట కొంది. “కొన్నాక నేను కొనుగోలుదారుని. ఇప్పుడు ఏమన్నా అంటా. ఫోను పట్టవయ్యా” అంది. 

మొదటి వల వేసింది. ఖాళీ. ఆవిడ పెదవి బిగించింది. రెండో వల ఖాళీ. “అబ్బో” అంది. మూడోదీ ఖాళీ. చెయ్యి తీసేసి లేవబోయింది.

తెర మీద ఒడ్డున నిలబడ్డ ఆడమనిషి దగ్గింది. పొడిదగ్గు, రెండుసార్లు.

అది బొమ్మ దగ్గు కాదు. షెడ్డులో నా ఫోన్లో పడిన దగ్గే. మళ్ళీ చూడమని చెప్పే దగ్గు. అంకాలమ్మ నోరు తెరిచి నావైపు చూసింది. మెల్లగా కూర్చుని, నాలుగోసారి వల వేసింది. వంజరం! ఆవిడ పెట్టిన కేకకు పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. నవ్వుతోంది, కళ్ళనుంచి ధారలు కారుతున్నాయి, నన్ను వీపు మీద చరుస్తోంది, ఫోను ఎక్కడో పడింది.

సరిగ్గా అప్పుడే హేమ ఫోను చేసింది. “అమ్మా, మొప్ప ఎలా ఉంది?”

“నా దగ్గు నన్నడక్కుండా ఎట్టా పెట్టావే?” అని అరిచింది అంకాలమ్మ, ముక్కు తుడుచుకుంటూ. “ఇప్పుడు ఆడినోళ్ళందరికీ నేను టీ పోయించాలా ఏంటి!”