ఆంటీ అడిగే ఇంటిపేర్లు

సోమవారం పొద్దున ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తుంటే కమ్యూనిటీ సెంటర్ డైరెక్టర్ ఫోన్ చేసింది. ముందు టేబుల్ దగ్గర కూర్చునే మా తెలుగు ఆంటీ నిద్రలోనే పోయారట. అద్దె గదిలో, ఒంటరిగా. ఫోన్‌కి లాక్. ఎమర్జెన్సీ కాంటాక్ట్ అన్నచోట సెంటర్ నంబరే రాసుకున్నారు. "నీది ఆవిడ భాషే కదా, వాళ్ళవాళ్ళెవరో నీకు తెలిసే ఉంటుంది. వాళ్ళు ఒప్పుకుంటే గాని హాస్పిటల్ వాళ్ళు బాడీ ఇవ్వరు" అంది డైరెక్టర్.

నాకు తెలియదు. రెండేళ్ళుగా ప్రతి శనివారం ఆవిడ ఇచ్చిన టీ తాగుతున్నాను, అయినా తెలియదు.

మా సెంటర్ ఉన్నది న్యూజెర్సీలో ఒకప్పటి దారం మిల్లుల ఊళ్ళో. మిల్లులు మూతపడి అద్దెలు తగ్గాయి కాబట్టి, దేశదేశాల నుంచి కొత్తగా వచ్చినవాళ్ళంతా అక్కడే దిగుతారు. నేను వాళ్ళకి ఇంగ్లీషు చెప్పడానికి వెళ్ళేదాన్ని. మొదటిరోజే ఆంటీ నా చేతిలో కప్పు పెట్టి, "ఇంటిపేరేంటమ్మా? నాన్నగారిది ఏ ఊరు?" అన్నారు.

ఆ ప్రశ్న ఎందుకు వస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కులమేంటని నేరుగా అడగలేనివాళ్ళు ఆ దారిన వస్తారు. చర్చికి వెళ్ళే మనిషికీ ఇదే గొడవా అనుకున్నాను.

"హైదరాబాద్ ఆంటీ."

"హైదరాబాద్ అందరిదీనూ. నీది చెప్పవే పిల్లా."

చెప్పలేదు. అప్పటినుంచీ ఆవిడ మీద ఓ కన్నేసి ఉంచాను. కొత్తగా వచ్చిన ఏ తెలుగు పిల్లనైనా అదే అడిగేవారు. నీలం నోట్‌బుక్‌లో రాసుకుని సొరుగుకి తాళం వేసేవారు. ఫారం నింపలేక కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళకి "ఏడుపు తర్వాత, ముందు సంతకం" అంటూ పెన్ను అందించేవారు. వేడి కప్పు పట్టుకోవడానికి నాప్‌కిన్ మడిచి ఇచ్చేవారు. ఆ మర్యాద కూడా వివరాలు లాగడానికే అనిపించేది నాకు. ఓసారి ఉండబట్టలేక "ఎందుకు ఆంటీ ఇదంతా?" అని అడిగేశాను.

"ఇంటిపేరూ ఊరూ ఉంటే మనిషిని ఎక్కడున్నా పట్టుకోవచ్చు" అన్నారు.

దాంతో అనుమానం ఇంకా ముదిరింది. వెళ్ళి డైరెక్టర్‌కి చెప్పేశాను. కులమంటే ఏమిటో ఆమెకి అర్థమయ్యేలా చెప్పడానికే పావుగంట పట్టింది. తర్వాతి శనివారం ఆంటీ నన్ను చూసి, "నా మీద చెప్పావంటగా?" అన్నారు. నేను కప్పు టేబుల్ మీద పెట్టేశాను. "చెబితే చెప్పావులే. చల్లారిపోతోంది, తాగు."

ఫోన్ వచ్చిన ఆ సోమవారం ఆఫీస్ మానేసి నేరుగా సెంటర్‌కి వెళ్ళాను. డైరెక్టర్ సొరుగు తెరిపించింది. నోట్‌బుక్ మొదటి పేజీలో ఆంటీ రాసుకున్నది ఇది: "పక్క వీధిలో చనిపోయిన అబ్బాయి. వాళ్ళమ్మకి కబురు చేరేసరికి పదకొండు రోజులు." ఆ తర్వాత పేజీలనిండా పేర్లు, తండ్రుల పేర్లు, ఊళ్ళు, అక్కడి ఫోన్ నంబర్లు. హోండురాస్ ఊళ్ళు, బంగ్లాదేశ్ ఊళ్ళు, అన్నీ గుండ్రటి తెలుగు అక్షరాల్లో. అందరినీ అడిగేవారన్నమాట. తెలుగులో అడిగినప్పుడే నాకు కులం వాసన కొట్టింది. నా పేరు పక్కన, "ఈ పిల్ల చెప్పదు. మళ్ళీ అడగాలి" అని ఉంది.

ఆవిడ వివరాలు మాత్రం ఎక్కడా లేవు. కాగితాల మీదున్నది ఎప్పుడో పోయిన భర్త ఇంటిపేరు. పుట్టింటివాళ్ళెవరో మేమెవరమూ ఎప్పుడూ అడగలేదు.

చుట్టుపక్కల తెలుగు చర్చిలకి ఫోన్లు మొదలుపెట్టాను. "అసలు మీరెవరమ్మా? ఆమె పుట్టింటిపేరు మీకెందుకు?" అన్నాడొకాయన.

"ఆవిడ పోయారండీ."

"ఇలాంటి స్కామ్ కాల్స్ రోజూ వస్తుంటాయి మాకు" అని పెట్టేశాడు. ఆయన్ని తిట్టుకునే హక్కు నాకు లేదు.

నాలుగో చర్చిలో పాస్టర్‌గారి భార్యకి గుర్తుంది. రేపల్లె, చెల్లెలు బట్టలు కుడుతుంది, ఇంటిపేరు ఫలానా. రేపల్లెలో తెలిసినవాళ్ళని పట్టుకుని ఆ ఇంటిపేరు చెబితే, గంటలో చెల్లెలు లైన్లోకి వచ్చింది.

గురువారం సమాధి దగ్గర వీడియో కాల్ కలిపాను. చర్చివాళ్ళు పాట అందుకోగానే ఆ చెల్లెలుగారు ఫోన్ చెవికి ఆనించుకున్నారు. నా తెరనిండా ఒక చెవి, రాయి ఊడిన దుద్దు, నాలుగు నెరిసిన వెంట్రుకలు. "తెర వైపు చూడండమ్మా" అనబోయి ఆగిపోయాను. పాట అయ్యేదాకా ఆ చెవిని ఆంటీ పెట్టె పక్కనే పట్టుకుని నిలబడ్డాను.